షెడ్డు ముచ్చట్లు: కారు కిందకి దించాక టైర్లు లోపలివైపే ఎందుకు అరుగుతున్నాయ్?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా పాత కార్ల గురించే, అందులోనూ కారు ఎత్తు తగ్గించడం గురించే వచ్చాయి. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి ఈసారి దీనికే చోటిస్తున్నా. మొదటి ఉత్తరం గుంటూరు కుర్రాడిది, దానికి జవాబు పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి, మిగతావాళ్ళ సమస్యలకి కూడా మూలం అందులోనే ఉంది.

ప్రశ్న: అన్నా, నా దగ్గర 1999 మారుతి జెన్ ఉంది, మా నాన్నగారు కొన్న బండి, ఇంజన్ ఇప్పటికీ సూపర్‌గా ఉంది. పోయిన సంవత్సరం అలాయ్ వీల్స్ వేసి 165/65 ఆర్13 టైర్లు వేయించా, తర్వాత లుక్ కోసం ఒక షెడ్డులో నాలుగు స్ప్రింగులూ ఒకటిన్నర చుట్టు చొప్పున కోయించా. బండి చూడ్డానికి బాగుంది కానీ 4,000 కిలోమీటర్లకే ముందు రెండు టైర్లూ లోపలివైపు తీగలు కనపడేదాకా అరిగిపోయాయి, బయటివైపు మాత్రం కొత్త టైర్ లాగే ఉంది. అలైన్‌మెంట్ షాపుకెళ్తే "క్యాంబర్ పోయింది, జెన్‌లో క్యాంబర్ సెట్టింగ్ ఉండదు, ఏం చెయ్యలేం" అన్నారు. మళ్ళీ పాత ఎత్తుకి వెళ్ళిపోవాల్సిందేనా? - ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వెళ్ళక్కర్లేదు తమ్ముడూ. కానీ ఇప్పుడున్నంత కిందకి మాత్రం వద్దు. ముందు ఒక మాట సూటిగా చెప్తా, నీ టైర్లని తిన్నది క్యాంబర్ ఒక్కటే కాదు, అసలు దొంగ టో. క్యాంబర్ అంటే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం (లోపలికి వాలితే మైనస్), టో అంటే పైనుంచి చూస్తే రెండు చక్రాల ముందు అంచులు ఒకదానివైపు ఒకటి తిరిగి ఉన్నాయా (టో-ఇన్), ఎడంగా ఉన్నాయా (టో-అవుట్) అని. క్యాంబర్ మైనస్ ఒక డిగ్రీ, ఒకటిన్నర డిగ్రీ ఉన్నా టో సరిగ్గా ఉంటే టైరు లోపలివైపు కొంచెం ముందుగా అరుగుతుంది అంతే, 4,000 కిలోమీటర్లకి తీగలు బయటికి రావు. వచ్చాయంటే చక్రాలు ఎడంగా తిరిగిపోయి ఉన్నాయ్, దాని మీద మైనస్ క్యాంబర్ వల్ల బరువంతా లోపలి అంచు మీద పడింది, రెండూ కలిసి ఆ అంచుని ఆకురాయి పెట్టి రాసినట్టు రాసేశాయి.

లెక్క చూడు. 13 అంగుళాల రిమ్ము అంచు దగ్గర వ్యాసం సుమారు 350 మి.మీ. అనుకుందాం. రెండు చక్రాల టో కలిపి (ముందు అంచుల మధ్య, వెనక అంచుల మధ్య దూరాల్లో) 4 మి.మీ. తేడా ఉంటే ఒక్కో చక్రం వాటా 2 మి.మీ., అంటే డిగ్రీలో మూడో వంతు, కంటికి అస్సలు కనపడదు. కానీ ఆ కొంచెం వంకరతో చక్రం ప్రతి కిలోమీటరుకీ దాదాపు 5.7 మీటర్లు పక్కకి పోవాలని చూస్తుంది, అవతలి చక్రం దాన్ని పోనివ్వదు, కాబట్టి ఆ తేడా అంతా రబ్బరు మీదే పడుతుంది. 4,000 కిలోమీటర్లకి లెక్కేస్తే టైర్‌ని దాదాపు 23 కిలోమీటర్లు అడ్డంగా ఈడ్చినట్టు. ఇక రబ్బరు ఎక్కడ మిగుల్తుంది?

మరి ఎత్తు తగ్గిస్తే టో ఎందుకు మారుతుందంటే, జెన్‌లో ముందు సస్పెన్షన్ మెక్‌ఫర్సన్ స్ట్రట్ రకం (స్ప్రింగూ షాకబ్జరూ కలిసి ఒకే నిలువు ముక్కగా ఉండేది), కింద చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ ఒకటి, పక్కనే స్టీరింగ్ ర్యాక్ నుంచి వచ్చే టై రాడ్ ఒకటి. బాడీ కిందకి దిగినప్పుడు ఈ రెండూ లోపలి చివర చుట్టూ తిరుగుతూ బయటి చివర పైకి లేస్తాయి, కానీ రెండిటి పొడవూ ఒకటి కాదు, మొదలయ్యే చోటూ ఒకటి కాదు, అందుకే రెండూ ఒకే వంపులో తిరగవు, ఆ తేడా స్టీరింగ్ నకిల్‌ని (చక్రాన్ని పట్టుకుని దాంతోపాటు తిరిగే ముక్కని) నెట్టడమో లాగడమో చేస్తుంది. కంపెనీ వాళ్ళు ఆ తేడా అతి తక్కువగా ఉండేట్టు చూసుకునేది వాళ్ళు పెట్టిన ఎత్తు దగ్గర. మనం 50 మి.మీ. దించేసి టో ముట్టుకోకుండా వదిలేస్తే టైరు ఊరుకోదు. టో ఏ వైపు మారిందో ఊహించక్కర్లేదు, చెయ్యి పెట్టి చూస్తే టైరే చెప్తుంది. అరచేతిని టైరు మీద అడ్డంగా బయటి నుంచి లోపలికి నిమురు, తర్వాత లోపలి నుంచి బయటికి నిమురు. లోపలికి వెళ్ళేటప్పుడు నున్నగా ఉండి వెనక్కి వచ్చేటప్పుడు రంపం పళ్ళలా గీసుకుంటే టో-ఇన్ ఎక్కువైంది, బయటికి వచ్చేటప్పుడు నున్నగా ఉండి లోపలికి గీసుకుంటే టో-అవుట్. (తీగలు బయటపడ్డ టైరు మీద మాత్రం చెయ్యి పెట్టకు, కోసుకుపోతుంది, నువ్వు మధ్యలో ఉన్న గాట్ల దగ్గర చూడు.) గీసుకోకుండా అంచు ఒకటే నున్నగా ఏటవాలుగా అరిగితే అది క్యాంబర్ పని. రెండు అంచులూ అరిగి మధ్యలో ఉంటే గాలి తక్కువ, మధ్యలో అరిగితే గాలి ఎక్కువ. అక్కడక్కడా గుంటలు గుంటలుగా, గిన్నెల్లా అరిగితే షాకబ్జర్ చచ్చిపోయి చక్రం ఎగురుతోందన్నమాట.

ఇక స్ప్రింగులు కోయించిన సంగతి. దీని మీద నాకు కోపం ఉంది, నీ మీద కాదు, ఆ పని మీద. నేను పని నేర్చుకునే రోజుల్లో నా సొంత మారుతి 800కి ఇదే చేయించుకున్నా, గ్యాస్ కటింగ్ పెట్టి ఎర్రగా కాల్చి కోసిచ్చారు, రెండు నెలలకి కుడివైపు ఎడమవైపు ఎత్తులో వేలెడు తేడా వచ్చింది. స్ప్రింగు ఉక్కుకి ఆ గట్టిదనం వచ్చేదే వేడి చేసి చల్లార్చే పద్ధతిలో, మళ్ళీ మంట పెడితే ఆ చోట పదును పోతుంది, ఒక స్ప్రింగు ఎక్కువ కుంగుతుంది ఒకటి తక్కువ కుంగుతుంది, నాలుగు చక్రాల మీద బరువు నాలుగు రకాలుగా పడుతుంది, ఆ తర్వాత ఎంత మంచి మెషీన్ మీద అలైన్‌మెంట్ చేసినా నిలబడదు. నీ స్ప్రింగులు ఎలా కోశారో అడిగి తెలుసుకో. గ్యాస్‌తో అయితే తీసి పారెయ్, రెండో ఆలోచన వద్దు.

గ్రైండర్‌తో కోసినా ఇంకో చిక్కుంది. స్ప్రింగు గట్టిదనం చుట్లకి విలోమంగా ఉంటుంది, పని చేసే చుట్లు ఆరు ఉన్నచోట ఒకటి తీసేస్తే గట్టిదనం ఆరు బై ఐదు, అంటే 20 శాతం పెరుగుతుంది. ఒకటిన్నర తీసేస్తే 33 శాతం. అంత గట్టి స్ప్రింగుని పాత షాకబ్జర్ అదుపు చెయ్యలేదు, చక్రం రోడ్డు మీద గంతులేస్తుంది, టైరు గిన్నెల్లా అరుగుతుంది. పైగా పొడవు తగ్గిపోయింది కాబట్టి జాకీ వేసి బండి లేపితే స్ప్రింగు తన సీటులో వదులైపోతుంది. ఈ పరీక్ష ఇంటి దగ్గరే చేసుకోవచ్చు, స్టాండ్ కూడా పెట్టి చక్రం గాల్లో ఉండగా స్ప్రింగుని చేత్తో పట్టుకుని తిప్పి చూడు, గిరగిరా తిరిగితే అది ప్రమాదం, ఏదో ఒక రోజు పెద్ద గుంతలో చక్రం వేలాడినప్పుడు సీటు తప్పుతుంది.

కాబట్టి నా సలహా ఏంటంటే మొత్తం 25 నుంచి 30 మి.మీ. వరకే దించు, అంతకి మించొద్దు. ఇది భయంతో చెప్తున్న మాట కాదు, లోయర్ ఆర్మ్ వాలు చూసి చెప్తున్నా. కంపెనీ ఎత్తులో ఆ ఆర్మ్ బయటి చివర కొంచెం కిందకి వాలి ఉంటుంది. 30 మి.మీ. దించితే దాదాపు అడ్డంగా వస్తుంది, క్యాంబర్ అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా మైనస్‌లోకి వెళ్తుంది, దాన్ని దిద్దుకోవచ్చు. అంతకన్నా దించితే ఆర్మ్ బయటి చివర పైకి తిరిగిపోతుంది, అప్పుడు బండి బరువు కేంద్రం తగ్గిన దానికన్నా రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) ఎక్కువ పడిపోయి మలుపులో బాడీ ఇంకా ఒరగడం మొదలవుతుంది, కిందకి దించింది ఎందుకో ఆ పనే చెడుతుంది. షాకబ్జర్‌లో మిగిలే దూరం కూడా తక్కువై చిన్న గుంతకే బంప్ స్టాప్‌కి (షాకబ్జర్ చివరికంటా అణిగితే ఆపే రబ్బరు దిమ్మకి) కొట్టుకుంటుంది. స్పీడ్ బ్రేకర్ల సంగతి నీకు నేను చెప్పాలా, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో గుండ్రంగా ఉండాలి, మన కాలనీల్లో రాత్రికి రాత్రి సిమెంటుతో పోసే గట్లు ఆ కొలతలో ఒక్కటైనా ఉంటుందా.

పని వరస కూడా ముఖ్యం, ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. ముందు బండిని లేపి అరిగిన సామాన్లన్నీ చూడు, లోయర్ ఆర్మ్ బుష్‌లు (కీలు దగ్గరి రబ్బరు తొడుగులు), బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్‌లు, స్ట్రట్ పైన ఉండే మౌంట్ రబ్బరు దాని బేరింగు, వీల్ బేరింగ్. పాతికేళ్ళు దాటిన బండిలో బుష్ రబ్బరు బిస్కెట్ లాగా పగిలిపోయి ఉంటుంది, అది కదుల్తూ ఉంటే అలైన్‌మెంట్ మెషీన్ మీద చూపించిన అంకె రోడ్డెక్కి బ్రేక్ వేసేసరికి ఉండదు. హైదరాబాద్‌లో వాళ్ళకి పుత్లీబౌలి, రాణిగంజ్, మీకు దగ్గర్లో విజయవాడ ఆటోనగర్, జెన్ సామాను ఇప్పటికీ దొరుకుతుంది, కొంచెం తిరగాలి అంతే. బుష్‌లు మాత్రం సెకండ్ హ్యాండ్ కొనకు, రబ్బరు వయసు వాడకపోయినా ఆగదు.

తర్వాత ఆ ఎత్తుకి తగ్గ స్ప్రింగులు నాలుగూ ఒకే సెట్‌లో తీసుకో, పొట్టి స్ప్రింగుకి తగ్గ షాకబ్జర్లు వెయ్యి, బంప్ స్టాప్‌లు కూడా కొత్తవే. ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను, మీ మెకానిక్‌కి కూడా చదివి వినిపించు. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టుల్ని బండి జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా ఫైనల్ టైట్ చెయ్యకూడదు. ఆ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది, అది జారదు, మెలి తిరుగుతుంది. వేలాడేటప్పుడు బిగిస్తే బండి కిందకి దిగాక ఆ రబ్బరు ఇరవై నాలుగు గంటలూ మెలితిరిగే ఉంటుంది, బండి కొంచెం ఎత్తుగా నిలబడుతుంది, కొన్ని నెలలకి రబ్బరు చిరుగుతుంది, అప్పుడు టో మళ్ళీ పోతుంది. అందుకే బోల్టుల్ని వేలితో బిగించినంత వదిలి, చక్రాల కింద ర్యాంపులో చెక్కదిమ్మలో పెట్టి బండి బరువు చక్రాల మీద పడ్డాక, ముందూ వెనకా నాలుగుసార్లు ఊపి, అప్పుడు టైట్ చెయ్యాలి. కంపెనీ ఎత్తులో బిగించిన పాత బుష్‌లనే ఉంచితే వాటిని కూడా ఒకసారి వదులు చేసి ఇదే పద్ధతిలో బిగించాలి. నేను చూసిన దించిన బండ్లలో పదింట తొమ్మిదిటికి ఈ పని చెయ్యలేదు.

వెంటనే ఒకసారి టో సుమారుగా పెట్టించుకుని 200, 300 కిలోమీటర్లు తిప్పు, స్ప్రింగులు సర్దుకుంటాయి, అప్పుడు అసలు అలైన్‌మెంట్. వెళ్ళేటప్పుడు నాలుగు టైర్లలో గాలి సమానంగా, ట్యాంక్‌లో సగం పెట్రోలు, డిక్కీలో చెత్త ఏమీ లేకుండా తీసుకెళ్ళు. "జెన్‌లో క్యాంబర్ సెట్టింగ్ ఉండదు" అన్నారే, అది కంపెనీ బోల్టులతో నిజమే. కానీ స్ట్రట్‌ని నకిల్‌కి పట్టే రెండు బోల్టుల్లో ఒకదాని బదులు క్యాంబర్ బోల్టు అని ఎక్సెంట్రిక్ బోల్టు (మధ్యకి కాకుండా ఒక పక్కకి ఉబ్బు ఉండేది) వేస్తారు, దాంతో అటు ఇటు ఒక డిగ్రీ దాకా దిద్దొచ్చు, నీకు కావాల్సింది అంతే. సరైన సైజు, సరైన గ్రేడు ఉన్నదే కొను, ఎంత టార్క్ అని రాసి ఉంటే అంతకే బిగించు, లేకపోతే జారి మళ్ళీ మొదటికొస్తుంది. ఇంకో పద్ధతి కొన్ని షాపుల్లో చూస్తుంటాం, హైడ్రాలిక్ జాకీ, గొలుసు పెట్టి స్ట్రట్‌నే వంచేసి "క్యాంబర్ సెట్ అయింది" అంటారు. దయచేసి ఒప్పుకోకు. స్ట్రట్ వంగితే లోపలి రాడ్డు ఒక పక్కకి రాసుకుని సీల్ పోతుంది. బోల్టు కన్నాన్ని ఫైల్‌తో పొడుగ్గా రాసేవాళ్ళూ ఉన్నారు, అదీ వద్దు.

అంకెలు కావాలంటే, క్యాంబర్ మైనస్ అర డిగ్రీ నుంచి మైనస్ ఒకటి మధ్య, రెండు వైపులా తేడా అర డిగ్రీ లోపల, టో సున్నా నుంచి మొత్తం 1 మి.మీ. ఇన్. క్యాంబర్ మార్చితే టో మారిపోతుంది కాబట్టి క్యాంబర్ ముందు, టో ఆఖర్న. స్టీరింగ్ నిటారుగా లాక్ చేసి రెండు టై రాడ్లనీ సమానంగా తిప్పమను, ఒక్కదాన్నే తిప్పి సరిపెడితే స్టీరింగ్ వంకరగా ఉండిపోతుంది. ప్రింటవుట్ తప్పకుండా అడిగి తీసుకో, పనికి ముందుదీ తర్వాతదీ రెండూ.

ఇంటికొచ్చాక ఒక నోట్‌బుక్ పెట్టు. ట్రెడ్ డెప్త్ గేజ్ చవకే, దాంతో టైరు లోపల, మధ్య, బయట మూడు చోట్లా కొలిచి రాసుకో. కొత్త టైరులో 8 మి.మీ. గాట్లు ఉంటే, 1.6 మి.మీ. దగ్గర మార్చెయ్యాలి కాబట్టి వాడుకునేది 6.4 మి.మీ. అది 40,000 కిలోమీటర్లు రావాలంటే 2,000 కిలోమీటర్లకి 0.3 మి.మీ. చొప్పున అరగాలి. మొదటి 2,000 తర్వాత లోపల 0.8 పోయి బయట 0.2 పోయిందంటే అప్పుడే షాపుకెళ్ళు, తీగలు వచ్చేదాకా ఆగకు. ఇప్పుడున్న ఆ రెండు టైర్లతో మాత్రం ఈ వారం కూడా హైవే ఎక్కొద్దు తమ్ముడూ, తీగలు కనపడ్డ టైరు ఎప్పుడు పేలుతుందో చెప్పలేం.

వెనక చక్రాల గురించి నువ్వు అడగలేదు కానీ చెప్తా, జెన్‌లో వెనక ఉండేది ఒకటే ఇరుసు, కాయిల్ స్ప్రింగుల మీద, కాబట్టి దించితే అక్కడ క్యాంబర్, టో మారవు. ఇరుసు పక్కకి కదలకుండా అడ్డంగా ఒక రాడ్డు ఉంటుంది, ఒక చివర బాడీకి ఒక చివర ఇరుసుకి, దించినప్పుడు అది ఇరుసుని కొద్ది మిల్లీమీటర్లు ఒక పక్కకి జరుపుతుంది. ఒక వెనక చక్రం మడ్‌గార్డ్‌కి దగ్గరగా కనిపిస్తే కంగారు పడకు, టైరు రాసుకోనంత వరకు పర్లేదు.

ప్రశ్న: సార్, మా వాగనార్‌ని 25 మి.మీ. దించాం, అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించాం, అయినా ఎడమ ముందు టైరు ఒక్కటే లోపల అరుగుతోంది. కుడిది బాగానే ఉంది. - ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఒక్క వైపే అరిగితే ఎత్తు తగ్గించడం మీద నేరం మోపకండి మేడమ్, అది కారణమైతే రెండు వైపులా కనపడాలి. టో తేడా ఉన్నా బండి కదిలేటప్పుడు రెండు చక్రాలూ దాన్ని పంచుకుంటాయి. ఒక్క వైపే అంటే ఆ పక్క ఏదో వంగింది. మన రోడ్లలో ఎడమవైపు అంచు గుంతలూ, మ్యాన్‌హోల్ మూతలూ ఎడమ చక్రానికే తగుల్తాయి, దించిన బండిలో ఆ దెబ్బ మెత్తబడకుండా నేరుగా వెళ్తుంది. మీ ప్రింటవుట్ చూడండి, ఎడమ క్యాంబర్‌కీ కుడి క్యాంబర్‌కీ అర డిగ్రీ కన్నా ఎక్కువ తేడా ఉందా, దాని కిందే ఎస్‌ఏఐ అని ఇంకో అంకె ఉంటుంది, స్టీరింగ్ ఇరుసు ఎంత వాలిందో చెప్పేది. క్యాంబర్ తేడాగా ఉండి ఎస్‌ఏఐ రెండు వైపులా సమానంగా ఉంటే స్ట్రట్ గానీ నకిల్ గానీ వంగి ఉంటుంది, ఎస్‌ఏఐ కూడా తేడా ఉంటే లోయర్ ఆర్మ్ గానీ పైన స్ట్రట్ టవర్ గానీ జరిగి ఉంటుంది. వంగినదాన్ని సుత్తితో సరిచేయించకుండా మార్పించెయ్యండి. ఆ తర్వాత మూడోసారి అలైన్‌మెంట్ చేయిస్తే అప్పుడు డబ్బులు దండగ కావు.

ప్రశ్న: బ్రదర్, నాది 2001 లాన్సర్. ముందూ వెనకా దించాలని ఉంది. మా మెకానిక్ ముందు చక్రాల అలైన్‌మెంట్ చాలంటున్నాడు. - ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: లాన్సర్‌కి చాలదు. వెనక మల్టీలింక్ సస్పెన్షన్ (ఒక్కో చక్రాన్ని విడిగా కొన్ని లింకులు పట్టుకునేది), ప్రతి వెనక చక్రానికీ తన క్యాంబర్, తన టో ఉంటాయి, దించితే రెండూ మారతాయి. వెనక టో పోతే డ్రైవర్‌కి ఏమీ తెలియదు, స్టీరింగ్ లాగదు, శబ్దం మాత్రం వస్తుంది, దాన్ని బేరింగ్ శబ్దం అనుకుని బేరింగులు మార్చినవాళ్ళని చూశా. వెనక రెండు చక్రాల టో సమానంగా లేకపోతే బండి కొంచెం ఏటవాలుగా నడుస్తుంది, దాన్ని సరిపెట్టడానికి మీరు తెలియకుండానే స్టీరింగ్ పక్కకి పట్టుకుంటారు. నాలుగు చక్రాలకీ సెన్సార్లు తగిలించే షాపుకే వెళ్ళండి, వెనక టో ముందు సెట్ చేసి, దాని లైన్‌కి ముందు చక్రాల్ని కుదర్చాలి. వెనక లింకుల్లో బుష్‌లు చాలా ఉంటాయి, వాటికి కూడా బండి బరువు మీద బిగించే నియమమే. 25 మి.మీ. దాటొద్దు.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి పాత ఎస్టీమ్ కొని కిందకి దించుతానంటున్నాడు. ఆ బండిలోనే మేం ఐదుగురం తిరుపతి వెళ్ళాలి. నాకు భయంగా ఉంది. పోలీసులూ, ఆర్టీవో వాళ్ళూ ఒప్పుకుంటారా? - ఒక తల్లి, నెల్లూరు

జవాబు: అమ్మా, మీ భయంలో న్యాయం ఉంది. ఐదుగురు, పైన సామాను అంటే దించిన బండి ఇంకో 40, 50 మి.మీ. కుంగుతుంది, అప్పుడు బంప్ స్టాప్ మీదే నడుస్తుంది, టైరు మడ్‌గార్డ్‌కి రాసుకోవచ్చు. ఎస్టీమ్‌కి వెనక కూడా విడివిడి సస్పెన్షనే కాబట్టి బరువు పడ్డప్పుడల్లా చక్రాలు వాలతాయి, లోపలి అంచు మీద నడుస్తాయి. అబ్బాయితో ఇలా చెప్పండి, ఖాళీ బండితో కాదు, మీ ఐదుగురినీ కూర్చోబెట్టి డిక్కీ నింపి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడమనండి, ఎక్కడా రాసుకోకూడదు, టైరుకీ ఫెండర్‌కీ మధ్య వేలు దూరాలి. దూరకపోతే ఆ బండి ఇంట్లో వాళ్ళ ప్రయాణానికి పనికిరాదు.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్న వివరాలు కంపెనీ చెప్పినదానికి తేడాగా అయ్యేట్టు బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. స్ప్రింగు ఎత్తు సర్టిఫికెట్‌లో రాసి ఉండదు కానీ ఇన్‌స్పెక్టర్‌కి బండి ప్రమాదకరంగా కనిపిస్తే ఫిట్‌నెస్ ఆపే అధికారం ఉంది. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి ఐదేళ్ళకోసారి రెన్యువల్ కోసం బండిని చూపించాలి, పాత ఎస్టీమ్‌కి అది తప్పదు. అందుకే కంపెనీ స్ప్రింగుల్ని అమ్మెయ్యకుండా అటక మీద దాచమని చెప్పండి. ఇన్సూరెన్స్ వాళ్ళకి మార్పు సంగతి రాతపూర్వకంగా ముందే చెప్పాలి, చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టొచ్చు.

ప్రశ్న: గురువుగారూ, మా తాతగారి అంబాసిడర్‌ని కొద్దిగా కిందకి దించి షోలకి తీసుకెళ్ళాలని. ముందు టార్షన్ బార్, వెనక కమాన్ కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు). టైర్లు పాడవకుండా ఎలా? - ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీది చదివి సంతోషమేసింది. అంబాసిడర్‌లో ముందు స్ప్రింగు బదులు పొడవాటి టార్షన్ బార్ మెలి తిరుగుతుంది కాబట్టి ఏదీ కోయక్కర్లేదు, బార్ స్థానం మార్చితే ఎత్తు మారుతుంది. తీసేముందు కుడి ఎడమ బార్ల మీద గుర్తు పెట్టండి, అటుది ఇటు వెయ్యకూడదు, ఏళ్ళ తరబడి ఒకే వైపు మెలి తిరిగిన ఉక్కుని ఎదురు మెలి తిప్పితే విరిగే ప్రమాదం ఉంది. వెనక కమాన్ కట్టల్లో ఒక పట్టీ తీసేసే అలవాటు ఉంది, అది చెయ్యకండి, మిగతా పట్టీల మీద భారం పడి ఎస్ వంపు తిరుగుతాయి. కమాన్ పని చేసేవాళ్ళ చేత పట్టీల వంపు కొంచెం తగ్గించి మళ్ళీ కట్టించడం మేలు, యూ-బోల్టులు కొత్తవి వెయ్యండి. వెనక ఇరుసు ఒక్కటే ముక్క కాబట్టి వెనక టైర్లకి అలైన్‌మెంట్ బెంగ లేదు, కానీ సెంటర్ బోల్టు పట్టీల మధ్య సరిగ్గా కూర్చోకపోతే ఇరుసు ఏటవాలుగా పడుతుంది, కాబట్టి ముందు హబ్ మధ్య నుంచి వెనక హబ్ మధ్యకి రెండు వైపులా టేపుతో కొలిచి చూడండి, రెండూ ఒకేలా ఉండాలి.

ముందు టో మీరే కొలుచుకోవచ్చు, పాతకాలం దారం పద్ధతి. బండి నాలుగు పక్కలా కుర్చీలో ఇటుకలో పెట్టి హబ్ ఎత్తులో రెండు వైపులా దారం బిగించి కట్టండి. ముందు ట్రాక్ (రెండు చక్రాల మధ్య దూరం) వెనక ట్రాక్ ఒకటే ఉండదు కాబట్టి దారాన్ని చక్రానికి కాకుండా బండి మధ్య గీతకి సమాంతరంగా పెట్టాలి, అంటే ముందు హబ్‌ల నుంచి దారానికి దూరం రెండు వైపులా ఒకటే, వెనక హబ్‌ల నుంచీ రెండు వైపులా ఒకటే, రెండు దారాల మధ్య దూరం కూడా ముందూ వెనకా ఒకటే ఉండాలి. తర్వాత స్కేలుతో రిమ్ము ముందు అంచు నుంచి దారానికి ఎంత, వెనక అంచు నుంచి ఎంత అని కొలవండి. ముందు అంచు దారానికి ఎక్కువ దూరంగా ఉంటే టో-ఇన్. రిమ్ము వంగి ఉంటే లెక్క తప్పుతుంది కాబట్టి ఒకసారి కొలిచాక బండిని చక్రం సగం తిరిగేంత ముందుకు నెట్టి, దారం మళ్ళీ సరిచూసి మళ్ళీ కొలిచి రెండింటి సగటు తీసుకోండి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు, చదునైన ఫ్లోరు మీద, పక్కన ఒక మనిషి సాయం ఉంటే గంటన్నర పని.